పాత పద్యాలు, వ్యాసాలు, నాటకాలు చదివితే ఇంగ్లీషు వస్తుందా?

ముందు నీ ప్రశ్న నాలుగు ముక్కల్లో చెప్తాను, మిగతావాళ్లకూ అర్థమవుతుంది. మదనపల్లె దగ్గర పల్లెలో పదో తరగతి దాకా తెలుగు మీడియం. తర్వాత ఇంజనీరింగ్. ఇప్పుడు బెంగళూరు ఎలక్ట్రానిక్ సిటీలో టెస్టింగ్ ఉద్యోగం. మీటింగుల్లో ఎలాగో నెట్టుకొస్తున్నావు కానీ, నాలుగు వాక్యాలు వరసగా మాట్లాడాలన్నా, కాస్త పెద్ద మెయిల్ రాయాలన్నా టెన్షన్. క్లాసిక్స్ చదవమని ఎవరో అంటే చర్చ్ స్ట్రీట్‌లో షేక్‌స్పియర్ రచనలన్నీ ఉన్న లావుపాటి పాత పుస్తకం కొన్నావు. పది పేజీలు దాటలేదు. "ఇది నిజంగా పనికొచ్చే దారేనా మేడమ్, లేక స్పోకెన్ ఇంగ్లీష్ కోర్సులో చేరిపోనా?" అని అడిగావు.

పనికొచ్చే దారేనమ్మా. కాకపోతే మొదలుపెట్టాల్సిన చోటు అది కాదు. ఆ పుస్తకం చేతికిచ్చి చదువుకోమంటే ఇంగ్లండులో పుట్టిన పిల్లలు కూడా పది పేజీల దగ్గరే ఆగుతారు. నేను ఇక్కడ డిగ్రీ కాలేజీలో ఏళ్ల తరబడి ఇంగ్లీషు చెప్పాను. నా క్లాసుల్లో చిత్తూరు, హిందూపురం, కోలారు వైపు నుంచి వచ్చిన తెలుగు పిల్లలు ఎప్పుడూ ఉండేవాళ్లు. వాళ్లలో ఎవరికి భాష పట్టుబడిందో, ఎవరికి పరీక్ష కాగానే ఆవిరైపోయిందో చూశాను కాబట్టి ఇంత ధైర్యంగా చెప్తున్నాను.

రేపు పొద్దున స్టాండప్ మీటింగులో ఏం మాట్లాడాలో ఈ పుస్తకాలు నేర్పవు. వచ్చే నెల ఇంటర్వ్యూ ఉంటే కోర్సులోనే చేరు, తప్పేం లేదు. పాత రచనలు ఇచ్చేవి రెండు. వాక్యంలో ఏది ఎక్కడ ఉండాలో చేతికి తెలుస్తుంది, ఏ మాట మీద ఊనిక పడాలో చెవికి తెలుస్తుంది. గ్రామర్ రూల్సన్నీ అప్పజెప్పగలిగిన మనవాళ్లు మెయిల్ దగ్గరికి వచ్చేసరికి ఆగిపోవడానికి ఈ రెండూ లేకపోవడమే కారణం. అయితే ఇవి రావాలంటే ఎక్కువ చదవకూడదు. కొంచెం చదివి, దాన్ని నోటితో పలికి, చేత్తో రాసి, చూడకుండా మళ్లీ రాయాలి. నేను చెప్పబోయేదంతా ఇదే.

పద్యంతో మొదలుపెట్టు. విలియం బ్లేక్ 1794లో తెచ్చిన 'సాంగ్స్ ఆఫ్ ఎక్స్‌పీరియన్స్'లో 'ఎ పాయిజన్ ట్రీ' అని పదహారు పాదాల చిన్న పద్యం ఉంది. మొదటి నాలుగు పాదాలు ఇవి:

ఐ వాజ్ యాంగ్రీ విత్ మై ఫ్రెండ్;
ఐ టోల్డ్ మై రాత్, మై రాత్ డిడ్ ఎండ్.
ఐ వాజ్ యాంగ్రీ విత్ మై ఫో;
ఐ టోల్డ్ ఇట్ నాట్, మై రాత్ డిడ్ గ్రో.

స్నేహితుడి మీద కోపమొచ్చింది, ఆ మాట చెప్పేశాను, కోపం పోయింది. శత్రువు మీద వచ్చింది, చెప్పలేదు, అది పెరిగింది. 'రాత్' అంటే కోపం, 'ఫో' అంటే శత్రువు. తెలియని మాటలు ఈ రెండే. ఇప్పుడు మొదటి పాదం చూడు. మనం తెలుగులో 'మీద' కోపం అంటాం కాబట్టి ఇంగ్లీషులోనూ 'యాంగ్రీ ఆన్ మీ' అనేస్తాం. మా స్టూడెంట్ల పేపర్లలో నేను దిద్దీ దిద్దీ అలసిపోయిన తప్పుల్లో ఇదొకటి. బ్లేక్ పాదం నోటికొచ్చిన పిల్ల ఆ తప్పు మళ్లీ చేయదు. రూలు గుర్తు తెచ్చుకునే పనే ఉండదు, 'విత్' దానంతటదే వస్తుంది.

నాలుగో పాదం ఇంకా విలువైనది. 'ఐ టోల్డ్ ఇట్ నాట్' అన్నాడు. ఇది పాత పద్ధతి. ఇవాళైతే 'ఐ డిడ్ నాట్ టెల్ ఇట్' అనాలి. అదే పాదం చివర 'డిడ్ గ్రో' అన్నాడు. అక్కడ ఇవాళ 'డిడ్' అక్కర్లేదు, 'గ్రూ' చాలు. అంటే ఇప్పుడు 'డిడ్' కావాల్సిన చోట వాడలేదు, అక్కర్లేని చోట వాడాడు. ఈ రెండింటినీ ఇవాళ్టి ఇంగ్లీషులోకి నువ్వే మార్చి రాయి. అలా రాస్తున్నప్పుడు 'డిడ్' వచ్చాక క్రియ మామూలు రూపంలోకి వెళ్లిపోతుందన్న సంగతి చేతికి తెలుస్తుంది. 'డిడ్ నాట్ టోల్డ్', 'డిడ్ నాట్ వెంట్' అనే అలవాటు ఇలా పోయిన పిల్లలు నాకు తెలుసు. పాత భాష అడ్డం అనుకుంటాం కానీ, దాన్ని ఇవాళ్టి భాషలోకి మార్చడం కంటే మంచి గ్రామర్ ఎక్సర్‌సైజ్ నాకు దొరకలేదు.

ఇక ఊనిక. చిన్నప్పుడు స్కూల్లో గురువు, లఘువు గుర్తులు పెట్టే ఉంటావు. మన ఛందస్సంతా అక్షరం పొడుగు మీద నడుస్తుంది. ఇంగ్లీషు పద్యం ఒత్తి పలకడం మీద నడుస్తుంది. రెండో పాదం బల్ల మీద వేలితో కొడుతూ చదువు. దెబ్బ 'టోల్డ్' మీద, 'రాత్' మీద, మళ్లీ 'రాత్' మీద, 'ఎండ్' మీద పడాలి. మిగతావి తేలిగ్గా జారిపోవాలి. మన లెక్కన 'మై' గురువు. ఇక్కడ మాత్రం అది తేలిపోతుంది. తెలుగువాళ్ల ఇంగ్లీషు వినేవాళ్లకు ఒకే పలకగా వినిపించడానికి కారణం ఇదే, అన్ని అక్షరాలకూ సమానంగా బరువు ఇస్తాం. ఆఫీసులో రోజూ అనే 'కంపోనెంట్'లో ఒత్తు 'పో' మీద ఉండాలి. 'రికార్డ్' అనే మాటను క్రియగా వాడితే ఒత్తు రెండో భాగం మీద, నామవాచకమైతే మొదటి భాగం మీద, అప్పుడు అది 'రెకర్డ్' అని వినిపిస్తుంది. ఇలాంటివి ఒక్కొక్కటీ బట్టీ పడితే ఎప్పటికీ తెమలవు. నాలుగు చిన్న పద్యాలు నోటికొస్తే మాత్రం ఏదో ఒక చోట ఒత్తు పడాలన్న ఇంగితం వస్తుంది, తర్వాత ప్రతి కొత్త మాట దగ్గరా అది ఎక్కడో వెతుక్కుంటావు.

వేమన పద్యాలు ఎలా నోటికొచ్చాయో అలాగే ఇవీ రావాలి. కంఠస్థం అనగానే పాతకాలపు చదువని మొహం చిట్లించే వాళ్లుంటారు. వాళ్ల మాట వినకు. బ్లేక్ తర్వాత వర్డ్స్‌వర్త్ 'డాఫొడిల్స్' నేర్చుకో, నాలుగే చరణాలు. కీట్స్ ఓడ్లు ఇప్పుడే వద్దు. అవి చాలా గొప్పవి, కానీ అందులో మాటల అల్లిక నీకు ఇప్పట్లో పనికిరాదు.

నీకు అన్నిటికంటే ఎక్కువ మేలు చేసేది వ్యాసం. ఇక్కడ నిదానంగా వెళ్దాం.

ఎ. జి. గార్డినర్ అనే పత్రికా సంపాదకుడు 'ఆల్ఫా ఆఫ్ ద ప్లౌ' అన్న కలం పేరుతో చిన్న చిన్న వ్యాసాలు రాశాడు. వాటిలో 'ఆన్ ద రూల్ ఆఫ్ ద రోడ్' మన దేశంలో ఎన్నో పాఠ్యపుస్తకాల్లో ఉండేది. రష్యా విప్లవం నాటి పెట్రోగ్రాడ్ నగరంలో ఒక ముసలావిడ బుట్ట పట్టుకుని నడిరోడ్డు మీద నడుస్తుంటుంది. పేవ్‌మెంట్ మీద నడవమ్మా అంటే, ఇప్పుడు మాకు స్వేచ్ఛ వచ్చింది, నా ఇష్టమొచ్చిన చోట నడుస్తానంటుంది. అందరూ అలాగే అనుకుంటే ఎవరూ ఎక్కడికీ చేరరు అన్నది ఆయన వాదన. రోజూ సిల్క్ బోర్డు జంక్షన్ ట్రాఫిక్ దాటే నీకు ఈ వ్యాసం ఎవరూ వివరించక్కర్లేదు.

దాని మొదటి వాక్యం: 'ఎ స్టౌట్ ఓల్డ్ లేడీ వాజ్ వాకింగ్ విత్ హర్ బాస్కెట్ డౌన్ ద మిడిల్ ఆఫ్ ఎ స్ట్రీట్ ఇన్ పెట్రోగ్రాడ్ టు ద గ్రేట్ కన్‌ఫ్యూజన్ ఆఫ్ ద ట్రాఫిక్ అండ్ విత్ నో స్మాల్ పెరిల్ టు హర్‌సెల్ఫ్.' ఇంత పొడుగు వాక్యం చూడగానే కంగారు పడతాం. రెండు రంగుల పెన్నులు తీసుకో. 'లేడీ' కింద ఎర్ర గీత, 'వాజ్ వాకింగ్' కింద నీలం గీత. ఎవరు, ఏం చేస్తోంది అన్నది అయిదారు మాటల్లోనే అయిపోయింది. మిగతాదంతా దేనితో, ఎక్కడ, ఏ ఊళ్లో, ఎవరికి ఇబ్బందిగా అంటూ వెనకాల ఒక్కొక్కటే వచ్చి చేరింది. ఇదే మనం తెలుగులో చెబితే ఊరూ, వీధీ, బుట్టా, ఇబ్బందీ అన్నీ ముందు చెప్పి, 'నడుస్తోంది' అన్నది చిట్టచివర పెడతాం. నీ మెయిల్ మధ్యలో తెగిపోవడానికి కారణం ఇక్కడుంది. తెలుగు వరసలో ఆలోచించి ముందు వివరాలన్నీ పేరుస్తావు, క్రియ దగ్గరికి వచ్చేసరికి కర్త ఎవరో మర్చిపోతావు. రోజుకు మూడు వాక్యాలు ఇలా గీతలు గీసి చూడు. 'హూ', 'విచ్', 'దట్'తో మొదలయ్యే ముక్కలకు మూడో రంగు వాడు. మనం 'నిన్న వచ్చిన మనిషి' అని విశేషణాన్ని ముందు పెడతాం, వాళ్లు మనిషిని ముందు నిలబెట్టి 'నిన్న వచ్చిన' అన్నది వెనక తగిలిస్తారు. గీతలు గీస్తే ఈ తేడా కంటికి కనిపిస్తుంది.

రంగుల సంగతి నేను కనిపెట్టింది కాదు. తర్వాత బ్రిటన్ ప్రధాని అయిన విన్‌స్టన్ చర్చిల్ చదువులో వెనకబడ్డవాడు. హారో స్కూల్లో తెలివైన పిల్లలు లాటిన్, గ్రీకు నేర్చుకుంటుంటే తనను కింది తరగతిలోనే ఉంచి మళ్లీ మళ్లీ ఇంగ్లీషే చెప్పారని, సోమర్‌వెల్ అనే మాస్టారు నలుపు, ఎరుపు, నీలం, ఆకుపచ్చ సిరాలతో వాక్యాన్ని విడగొట్టి చూపించేవాడని ఆయనే రాసుకున్నాడు. ఆ తర్వాతి కథ మన ఊళ్లోనే జరిగింది. 1896లో సైన్యంలో చిన్న అధికారిగా బెంగళూరు కంటోన్మెంట్‌కు వచ్చాడు. యూనివర్సిటీ చదువు లేదన్న లోటు పట్టుకుంది. మధ్యాహ్నాలు మిగతా అధికారులు నిద్రపోతుంటే, తల్లి చేత పుస్తకాలు తెప్పించుకుని గిబ్బన్ రాసిన రోమన్ సామ్రాజ్య చరిత్ర, మెకాలే రాసిన ఇంగ్లండు చరిత్ర, వ్యాసాలు చదివాడు. రోజుకు మెకాలే యాభై పేజీలు, గిబ్బన్ పాతిక పేజీలు అని తల్లికి ఉత్తరం రాశాడు. 1953లో ఆయనకు సాహిత్యంలోనే నోబెల్ ఇచ్చారు. మన దేశం గురించి ఆయన మాటలూ, బెంగాల్ కరవు నాటి ఆయన తీరూ నాకు మింగుడుపడవు. అయినా డిగ్రీ లేని కుర్రాడు ఈ ఊళ్లో కూర్చుని పాత వచనం చదివి తన వచనాన్ని తయారుచేసుకున్నాడన్నది నిజం, అందుకే చెప్తున్నాను. రోజుకు డెబ్బై అయిదు పేజీలు మాత్రం నువ్వు పెట్టుకోకు. ఆయనకు ఇంగ్లీషు మాతృభాష, నీకు ఒక పేరా చాలు.

ఆ ఒక్క పేరాతో ఏం చేయాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ తన ఆత్మకథలో రాశాడు. బోస్టన్‌లో అన్న ప్రెస్సులో పనిచేసే కుర్రాడిగా ఉన్నప్పుడు ఆయనకు 'స్పెక్టేటర్' సంపుటం ఒకటి దొరికింది. అది అడిసన్, స్టీల్ 1711లో లండన్‌లో మొదలుపెట్టిన పత్రిక. అందులో ఒక వ్యాసం తీసుకుని ఒక్కో వాక్యం భావాన్ని రెండు మూడు మాటల్లో రాసుకునేవాడు. కొన్నాళ్లు పక్కన పెట్టి, పుస్తకం చూడకుండా ఆ గుర్తుల ఆధారంగా వ్యాసమంతా తన మాటల్లో తిరిగి రాసేవాడు. తర్వాత అసలుతో పోల్చి తన తప్పులు దిద్దుకునేవాడు. ఒక్కోసారి ఆ గుర్తుల చీటీలను కలగాపులగం చేసి, వరస తనే కుదుర్చుకునేవాడు, ఆలోచనను ఎలా పేర్చాలో తెలియడం కోసం.

నువ్వూ గార్డినర్ మొదటి పేరాతో ఇదే చెయ్యి. గుర్తులు తెలుగులో రాసుకో. 'ముసలావిడ, బుట్ట, నడిరోడ్డు' అని చాలు. నాలుగు రోజులాగి ఇంగ్లీషులో రాయి. అసలుతో పోల్చినప్పుడు ముందు 'ఎ', 'ద' చూసుకో, మనకు ఎక్కువగా జారిపోయేవి అవే. తర్వాత ప్రిపొజిషన్లు. ఆ తర్వాతే మాటలు. వాళ్లు వాడిన మాట నీకు రాలేదని బాధపడక్కర్లేదు. నీ మాటతోనే వాక్యం నిలబడితే నీదే సరైన మాట.

అన్ని పాత వ్యాసాలూ ఇలా రాయడానికి పనికిరావు. బేకన్ 'ఆఫ్ స్టడీస్' చదువు, రెండు పేజీలు కూడా ఉండదు, మూడేసి ముక్కలను ఒకే తూకంలో ఎలా పెట్టాలో అందులో ఉంది. కానీ ఆ శైలిలో రాయబోకు, అది నాలుగు వందల ఏళ్ల నాటిది. ఛార్లెస్ లాంబ్‌ను ప్రేమగా చదువుకో. 'డ్రీమ్ చిల్డ్రన్' చదివిన ప్రతిసారీ నాకు గొంతు పట్టుకుంటుంది. అయినా ఆయన వాక్యాలు మెయిల్‌కు పనికిరావు. ఆఫీసు రాతకు గురువు జార్జ్ ఆర్వెల్. 1946లో రాసిన 'పాలిటిక్స్ అండ్ ద ఇంగ్లిష్ లాంగ్వేజ్' చివర్లో కొన్ని నియమాలు పెట్టాడు. చిన్న మాట సరిపోయే చోట పెద్ద మాట వాడొద్దు, తీసేయగలిగిన మాట ఉంటే తీసేయి అన్నవి వాటిలోవే. నువ్వు నమూనాగా పంపిన మెయిల్‌లో 'విత్ రెఫరెన్స్ టు ద అబవ్ సబ్జెక్ట్, ఐ వుడ్ లైక్ టు ఇన్‌ఫామ్ యూ దట్ ద టెస్టింగ్ యాక్టివిటీ హ్యాజ్ బీన్ కంప్లీటెడ్ ఫ్రమ్ మై సైడ్' అని ఉంది. ఆర్వెల్ చదివాక 'ఐ ఫినిష్డ్ ద టెస్టింగ్ ఎస్టర్‌డే. టూ బగ్స్ రిమెయిన్' అని నువ్వే రాస్తావు. మీ మేనేజర్‌కు కావాల్సింది ఆ రెండు బగ్గుల సంగతే.

నాటకం చివర పెట్టుకో. మాట్లాడటానికి నాటకమే మందు, కానీ షేక్‌స్పియర్ కంటే ముందు బెర్నార్డ్ షా. 1913లో మొదటిసారి ఆడిన 'పిగ్మేలియన్' నీ కోసమే రాసినట్టుంటుంది. పూలమ్మే ఎలైజాకు హిగ్గిన్స్ అనే ఫొనెటిక్స్ ప్రొఫెసర్ పెద్దింటివాళ్ల ఉచ్చారణ నేర్పుతాడు. మూడో అంకంలో ఆమెను తన తల్లి ఇంటికి, అక్కడికి అతిథులు వచ్చే రోజున, తీసుకెళ్తాడు. వాతావరణం, ఆరోగ్యం తప్ప ఇంకేమీ మాట్లాడొద్దని ముందే చెప్పి ఉంచుతాడు. వాతావరణం మాట రాగానే ఆమె పత్రికలో వాతావరణ సూచనలా అల్పపీడనం ఎటు కదులుతుందో చెబుతుంది. ఆరోగ్యం మాట రాగానే మా పిన్నమ్మను ఎవరో చంపేసి ఉంటారని మొదలుపెడుతుంది. ఉచ్చారణ మాత్రం ఎక్కడా తప్పు ఉండదు. ఆ దృశ్యం ఇద్దరు కూర్చుని పైకి చదవండి. యాక్సెంట్ ట్రైనింగ్‌తో ఏం వస్తుందో, ఏం రాదో అంత స్పష్టంగా చెప్పినవాళ్లు ఇంకొకరు లేరు. మీ పీజీలో కలిసి చదవడానికి ఒక్క స్నేహితురాలు దొరికినా చాలు.

వీలైనప్పుడు జేపీ నగర్‌లోని రంగశంకర నాటకశాలకు వెళ్లు. 2004 నుంచి నడుస్తోంది, సోమవారాలు తప్ప దాదాపు రోజూ నాటకం ఉంటుంది. కన్నడం, ఇంగ్లీషు రెండూ ఆడతారు. టైమ్ దాటితే లోపలికి రానివ్వరు, ఎలక్ట్రానిక్ సిటీ నుంచి కాస్త ముందే బయల్దేరు. ఒక మాటను నటుడు ఎక్కడ ఒత్తి, ఎక్కడ తేల్చి, ఎక్కడ ఆగి పలుకుతాడో వింటే పుస్తకంలో కనిపించనిది తెలుస్తుంది.

షా తర్వాత షేక్‌స్పియర్. ముందు ఛార్లెస్, మేరీ లాంబ్ 1807లో పిల్లల కోసం వచనంలో చెప్పిన షేక్‌స్పియర్ కథలు చదువు. కథ తెలిస్తే భాష సగం లొంగుతుంది. ఆ పుస్తకంలో 'జూలియస్ సీజర్' లేదు. అయినా మొదట చదవాల్సిన నాటకం అదే, అందులో మాటలు మిగతావాటి కంటే తేలిక. మూడో అంకం రెండో రంగం చాలు. సీజర్ శవం దగ్గర మొదట బ్రూటస్ వచనంలో, లెక్కగా, చల్లగా మాట్లాడి జనాన్ని ఒప్పిస్తాడు. తర్వాత ఆంటొనీ పద్యంలో మొదలుపెడతాడు. బ్రూటస్ గౌరవనీయుడు అన్న మాటే మళ్లీ మళ్లీ అంటాడు. అన్న ప్రతిసారీ దాని అర్థం కొంచెం కొంచెం తిరగబడుతూ, చివరికి అది తిట్టైపోతుంది. మాట మారలేదు, చుట్టూ ఉన్న వాక్యాలు మారాయి. ప్రెజెంటేషన్లు ఇచ్చేవాళ్లు నేర్చుకోవాల్సిందంతా ఈ రంగంలో ఉంది. 'దౌ', 'దీ' కనిపిస్తే భయపడకు. షేక్‌స్పియర్ కాలంలో అవి దాదాపు మన 'నువ్వు', 'నిన్ను'; 'యూ' ఏమో మన 'మీరు'. ఎవరు ఎవర్ని ఎప్పుడు నువ్వంటున్నారో గమనించడం ఇంగ్లీషువాళ్ల కంటే తెలుగువాళ్లకే తేలిక.

పుస్తకాల కోసం డబ్బు పోయకు. నేను చెప్పిన పాతవాటిలో చాలావరకు ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లో ఉచితంగా దొరుకుతాయి, లిబ్రివాక్స్‌లో ఎవరో ఒకరు చదివిన ఆడియో కూడా ఉంటుంది. బస్సులో అది విను. షేక్‌స్పియర్‌కు మాత్రం ఎదుటి పేజీలో నోట్సున్న స్కూల్ ఎడిషన్ విడిగా కొనుక్కో, సెకండ్‌హ్యాండ్‌ది చాలు. డిక్షనరీ ఇంగ్లీషు నుంచి ఇంగ్లీషుకు ఉన్నది, నేర్చుకునేవాళ్ల కోసం తయారుచేసింది వాడు, ఒత్తు ఎక్కడ పడాలో అందులో గుర్తు పెట్టి ఉంటుంది. రోజుకు అరగంట, అంతకంటే వద్దు. ఎక్కువ పెట్టుకున్నవాళ్లే రెండు వారాల్లో మానేస్తారు.

బ్లేక్ పద్యం నోటికొచ్చాక గార్డినర్ మొదటి పేరా ఫ్రాంక్లిన్ పద్ధతిలో రాసి నాకు పంపు. కాగితం మీద చేత్తోనే రాసి ఫోటో తియ్యి. ఫోన్లో టైప్ చేస్తే స్పెల్లింగూ, గ్రామరూ అదే దిద్దేస్తుంది, నీకు ఎక్కడ కష్టమవుతోందో నాకు కనిపించదు.